మొగకుప్పం దురాయి

సైన్యంలో వరద పనులు, వంతెన పనులు చేసి బయటికొచ్చిన కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. సివిల్ ఉద్యోగం దొరికింది, ఎలా నెట్టుకురావాలో చెప్పండి అంటారు. దరఖాస్తు ఎలా పెట్టాలో, ప్రమోషను ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు వేరే చాలామంది ఉన్నారు. నేను చెప్పదలుచుకున్నది ఇంకొకటి. మీరు చేరిన ఆఫీసులో మీకంటే పనిమంతుడు ఒకడు ఉంటాడు. జన్మలో యూనిఫారం తొడిగి ఉండడు, కవాతంటే ఏమిటో తెలియదు. అతన్ని చూస్తే మీకు కడుపు మండుతుంది. ఆ మంట మీద ఉన్నప్పుడు మీరేం చేస్తారో ముందే ఆలోచించి పెట్టుకోండి. నేను ఆలోచించలేదు.

విజిలు

మాది వెంకటాచలం దగ్గర వరి పండించుకునే కుటుంబం. పద్దెనిమిదేళ్లకు సైన్యంలో ఇంజనీర్ల దళంలో చేరాను. పదహారేళ్లు చేసి హవల్దారుగా బయటికొచ్చాను. యుద్ధం కన్నా నేను ఎక్కువగా చూసింది నీళ్లు. ఎక్కడ నది పొంగినా మమ్మల్ని పంపేవాళ్లు. పడవలు వరసగా కట్టి పైన పలకలు పరిచి వంతెన వేయడం, మునిగిపోయే ఊళ్లను ఖాళీ చేయించడం మా పని.

మా మేజరు ఒక పద్ధతి నేర్పాడు. ఊరి మధ్య నిలబడి విజిలు మూడుసార్లు ఊదాలి. పది నిమిషాలు టైమివ్వాలి. ఖాళీ చేతులతో రావాలి, మూటలు మోయకూడదు. వాదించేవాడితో వాదించకుండా రెక్క పట్టుకుని లాక్కురావాలి. ఆ పద్ధతిలో ఎన్నో ఊళ్లు ఖాళీ చేయించాం. ఎప్పుడూ విఫలం కాలేదు. ఎందుకు కాలేదో అప్పట్లో ఆలోచించలేదు. మేం ఆ ఊళ్లకు మళ్లీ వెళ్లేవాళ్లం కాదు. వాళ్ల మూటలు ఏమైపోయాయో మాకు తెలిసే అవసరమే రాలేదు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో సూళ్లూరుపేట తాలూకా ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. తుఫాను సహాయ పనులు చూసే ఇన్‌స్పెక్టరు. తాసిల్దారు గారు మహా కోపిష్టి. ఫైళ్లు విసిరేసేవారు, మనుషుల్ని పేరు పెట్టి తిట్టేవారు. కానీ తుఫాను తంతి, అదే టెలిగ్రాం, వచ్చిందంటే అన్నం ముందు నుంచి కూడా లేచి వచ్చేవారు. ఆ ఒక్క గుణానికి ఆయన తిట్లన్నీ పడ్డాను.

అక్కడే ప్రకాశం గారు గుమాస్తా. నాకంటే ఐదారేళ్లు పెద్ద. సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. సముద్రం వైపు ఉన్న మిషన్ బడిలో పాఠాలు చెప్పి, తర్వాత ఆఫీసుకు వచ్చినవాడు. సైకిలు మీద చర్చి పాటలు పాడుకుంటూ వచ్చేవాడు. నిజం చెప్పాలంటే ఆఫీసు పనిలో బద్ధకస్తుడు. ఆయన బల్ల మీద కాగితాలు గూడు కట్టుకుని ఉండేవి. అయినా తాసిల్దారు గారు సముద్రం వైపు ఏ సంగతి వచ్చినా ముందు, "ప్రకాశం ఏమంటాడు?" అని అడిగేవారు. పదహారేళ్లు నీళ్లలో నానినవాణ్ణి నేను పక్కనే నిలబడి ఉంటే ఆ మాట అనేవారు. మొదటి నెల నవ్వుకున్నాను. రెండో నెల నుంచి ఏడుపు మొదలైంది.

మొదటి తుఫాను హెచ్చరిక ఆ కార్తీకంలోనే వచ్చింది. మొగకుప్పం అని, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట జాలర్ల ఊరు. దొరవారిసత్రం మీదుగా జీపులో వెళ్లి, రోడ్డు అయిపోయాక ఇసకలో గంట నడవాలి. నన్నే పంపారు. పొద్దున్నే వెళ్లి ఊరి మధ్య నిలబడి విజిలు ఊదాను. పిల్లలు చుట్టూ మూగారు. ఒక ముసలమ్మ మళ్లీ ఊదమంది.

ఊరి పెద్దను వాళ్లు కాపు అంటారు. అప్పటి కాపు పోలయ్య. నల్లగా, గట్టిగా, మాట తక్కువగా ఉండే మనిషి. చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"మీరు పొమ్మంటే పోతాం మిలిటరీ సామీ. వలలు యాడ పెట్టమంటారు?"

"వలలు వదిలెయ్. ముందు ప్రాణాలు దక్కించుకోండి."

"వల లేకుండా ఆ ప్రాణంతో ఏం చేసుకునేది సామీ?"

రెక్క పట్టుకుని లాగాలని చెయ్యి చాచాను కూడా. నా చుట్టూ నిలబడ్డ మగవాళ్లను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. రెండు గంటలైనా ఒక్క గడప కదల్లేదు. తెప్పలు వేసుకుని సముద్రంలోకి పోవడానికి నలుగురు సిద్ధమవుతున్నారు కూడా.

మధ్యాహ్నానికి ప్రకాశం గారు వచ్చాడు. సైకిలు భుజాన మోసుకుంటూ ఇసకలో నడిచి వచ్చాడు. ఆయన వెనకే, పక్క పల్లె నుంచి నాలుగు ఎద్దుబండ్లు. నా వైపు చూసి తలూపి, పోయి పోలయ్య అరుగు మీద కూర్చున్నాడు. అంబలి తాగాడు. ఎవరి కూతురు కాన్పుకు వచ్చిందో అడిగాడు. అప్పుడు తంతి తీసి, ఉన్నది ఉన్నట్టు చదివి చెప్పాడు.

"బండ్లు వలలకు. మీరు నడవండి. వలలు మిషన్ బడిలో పెట్టి తాళం పోలయ్యకే ఇస్తా," అన్నాడు.

పోలయ్య లేచి, ఇద్దరు పెద్దలతో మాట్లాడి, ఒక మనిషిని పిలిచి ఏదో చెప్పాడు. ఆ మనిషి ఊరంతా తిరుగుతూ గట్టిగా కేకేశాడు. అంతే. సముద్రం వైపు తోస్తున్న తెప్పలు వెనక్కి వచ్చాయి. గంటన్నరలో ఊరు ఖాళీ. ముందు వలలు, వాటి వెనక మగవాళ్లు, వాళ్ల వెనక ఆడవాళ్లు, పిల్లలు, కోళ్లు. మేజరు చూస్తే సెల్యూట్ కొట్టేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు అడిగాను, ఆ కేక ఏమిటని.

"దురాయి," అన్నాడు ప్రకాశం గారు. "కాపులు ఊరి మీద వేసే ఆన. ఈ పని ఎవురూ చెయ్యగూడదంటే ఎవురూ చెయ్యరు. తప్పితే ఊరే శిక్ష వేస్తాది. ఒకడు ఆగి ఒకడు ఏటకు పోతే ఆగినోడికి ఏడుపు కదా హవల్దారు గారూ. అందరూ ఒక్కసారే ఆగితే ఎవురికీ ఏడుపుండదు."

ఎంత తెలివైన ఏర్పాటో అని ఇప్పుడనిపిస్తుంది. ఆ రోజు మాత్రం, ఇదా ఇతని రహస్యం, ఇది నాకూ తెలిసిపోయింది అనుకున్నాను.

ముందు పోవాలన్న తొందర

ఆ గాలి ఎక్కువ నష్టం చేయకుండా పోయింది. అయినా తాసిల్దారు గారు ఆఫీసులో అందరి ముందు ప్రకాశం గారి భుజం తట్టారు. నా గురించి, "మన హవల్దారు విజిలు బాగా ఊదుతాడట," అన్నారు. అందరూ నవ్వారు. ప్రకాశం గారు నవ్వలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. నవ్వి ఉంటే తిట్టుకోవడానికి వీలుండేది.

ఇంట్లో ఆయన మాట ఎత్తకుండా ఒక్క పూటా గడిచేది కాదు. ఆయన కాగితాలు చూశావా, ఆయన లెక్క చూశావా అంటూ. మా ఆవిడ ఒకసారి వడ్డిస్తూ అంది, "ఏందండీ, ఆ ప్రకాశం గారి పేరెత్తితే చాలు, మీ మీసాలు లేచి నిలబడతా ఉండాయి. ఆయనేమన్నా మీ పాలిదాయాదా?" కంచం తోసేసి లేచిపోయాను.

తర్వాతి ఏడాది, అదే కాలంలో ఒక ఉదయం తంతి వచ్చింది. ఆఫీసులో నేనూ ప్రకాశం గారే ఉన్నాం. ఇద్దరం చదివాం. వాయుగుండం చాలా దూరంలో ఉంది. ఏ దారిన వస్తుందో ఇంకా తేలలేదు. సాయంత్రం ఇంకో తంతి పంపుతాం, అప్పటిదాకా సిద్ధంగా ఉండండి అని ఉంది. నాకు ఇంగ్లీషు తంతి కొట్టినపిండి. సైన్యంలో రోజుకు పది చదివేవాణ్ణి. ఒక్క అక్షరం కూడా తప్పుగా అర్థం చేసుకోలేదు.

"సాయంత్రం దాకా చూద్దాం," అన్నాడు ప్రకాశం గారు. "ఇప్పుడు కవళ్ల చేపలు ఒడ్డుకొచ్చే రోజులు. ఊరికే ఆపితే మనల్ని నమ్మరు."

సరే అన్నాను. ఆయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లగానే జీపు తీసుకుని మొగకుప్పానికి పరిగెత్తాను. సాయంత్రం తంతి వస్తే మళ్లీ ఆయనే వెళ్తాడు, మళ్లీ ఆయన భుజమే తడతారు. ఆ లోపల నేను ఊరు కదిలించి కూర్చోవాలి. నా బుర్రలో అంతకు మించి ఏమీ లేదు. గాలి గురించి గానీ మనుషుల గురించి గానీ ఆలోచించి వెళ్లలేదు.

ఈసారి విజిలు తీయలేదు. పోలయ్య అరుగు మీద కూర్చుని అంబలి తాగాను. ఇంటి మంచి చెడ్డలు అడిగాను. తర్వాత చెప్పాను.

"కాపూ, గాలి మీ మీదికే వస్తా ఉంది. దురాయి వెయ్యి."

"తంతిలో అట్ట ఉండాదా సామీ?"

"ఉంది."

పోలయ్య కొంచెంసేపు నా మొహం చూశాడు. తర్వాత లేచాడు. దురాయి పడింది. తెప్పలు ఒడ్డుకొచ్చాయి, ఊరంతా మిషన్ బడికి నడిచింది. నాకు ఆ సాయంత్రం ఎంత గర్వమో చెప్పలేను.

వాయుగుండం దక్షిణానికి తిరిగిపోయింది. మా ఒడ్డున ఆకు కూడా కదల్లేదు. ఒకసారి వేసిన దురాయిని గంటకోసారి ఎత్తేయరు, వేసేటప్పుడు కాపు ఎల్లుండి దాకా అన్నాడు కాబట్టి ఎల్లుండి దాకానే. ఆ రెండు రోజులూ పక్క కుప్పం వాళ్లు తెప్పలనిండా కవళ్లు తెచ్చుకున్నారు. మొగకుప్పం వాళ్లు బడి గోడల మీద కూర్చుని అది చూశారు. పక్క కుప్పం ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని ఆ బడి ముందు నుంచే పోతూ, "ఏందబ్బా, మీ కాపు తుఫానును మంత్రం వేసి ఆపేసినాడంటనే!" అని నవ్వారట.

ఆఫీసులో ప్రకాశం గారు ఆ తంతి కాగితం ఫైల్లో పెట్టాడు. ఆ ఒక్క కాగితమే ఆయన సరైన ఫైల్లో పెట్టడం నేను చూశాను.

ఇక్కడ కుర్రాళ్లకు ఒక మాట. పక్కవాడి పద్ధతి నేర్చుకోవడం మంచిదే. నేను నేర్చుకున్నది పద్ధతి కాదు, అంబలి తాగడం. ఆయన అంబలి తాగాక నిజం చెప్పేవాడు.

తేలాల

మూడో ఏడు అసలు గాలి వచ్చింది. తంతిలో అనుమానానికి తావు లేదు. ఆ సాయంత్రానికి మన ఒడ్డునే దాటుతుందని ఉంది. తాసిల్దారు గారు మా ఇద్దర్నీ ఒకే జీపులో తోశారు. "ఒక్క ప్రాణం పోయినా ఇద్దరి తోలూ వలుస్తా," అన్నారు.

మేం మొగకుప్పం చేరేసరికి ఆకాశం బూడిద రంగులో ఉంది. అలలు తెప్పల దాకా వస్తున్నాయి. జనం ఒడ్డున గుంపులుగా ఉన్నారు. పోలయ్య అరుగు మీద ఉన్నాడు. లేవలేదు. కూర్చోమనలేదు. అంబలి రాలేదు.

ప్రకాశం గారు తంతి చదివి వినిపించాడు. బండ్లు వస్తున్నాయని చెప్పాడు.

"పోవాలనుకున్నోళ్లు పోవచ్చు," అన్నాడు పోలయ్య. "దురాయి మాత్రం వెయ్యను."

"ఎందుకు కాపూ?"

"పోయినేడు వేసి నవ్వులపాలైనా. ఊరు నన్ను చూసి, పక్కూరు మా ఊరిని చూసి నవ్వినారు. నా ఆన మైల పడింది సార్. ఇప్పుడు వేసినా సగం మంది వినరు. ఇనకపోతే ఆ ఆన ఇంకెప్పటికీ పనికిరాదు."

నిజమే. సగం మంది అప్పటికే వలలు సర్దుకుంటున్నారు. మిగతా సగం వాళ్లను చూసి, మీరు పోతే పోండి, మేం ఉండి ఇళ్లు చూసుకుంటాం అంటున్నారు. ఉండేవాళ్లలో ముసలివాళ్లు, బాలింతలు ఉన్నారు. గాలి పెరుగుతోంది. మధ్యాహ్నం దాటితే బడికి పోయే దారిలో ఉప్పుటేరు దాటడం కుదరదు. నీళ్ల సంగతి నాకు తెలుసు. ఎంత టైముందో నిమిషాలతో సహా చెప్పగలను.

"మైల పోవాలంటే ఏం చెయ్యాల?" అని ప్రకాశం గారు అడిగాడు.

"తప్పెవరిదో తేలాల. ఊరి ముందర ఒప్పుకోవాల. అప్పుడు ఆన మళ్లీ శుద్ధి అవుతాది." పోలయ్య లేచి జనాన్ని పిలిచాడు. తెప్పల పక్కన అందరూ కూడారు. వాళ్లలో వాళ్లు అరవం కలిసిన మాటల్లో గొణుక్కుంటున్నారు. పోలయ్య నా వైపు తిరిగాడు. "మిలిటరీ సామీ, పోయినేడు తంతిలో గాలి మా మీదికే అని ఉండిందా? ఉండిందని నాతో చెప్పినారు."

నేను నోరు తెరిచాను. లేదు, నేను అబద్ధం చెప్పాను, ఈ మనిషి కంటే ముందు రావాలని చెప్పాను అనాలి. మూడే ముక్కలు. పొంగే నదుల్లోకి దూకినవాణ్ణి. మేజరు ముందు, కర్నలు ముందు తప్పు ఒప్పుకున్నవాణ్ణి. పైవాళ్ల ముందు ఒప్పుకోవడం మనకు అలవాటే. మన కింద ఉన్నారనుకున్నవాళ్ల ముందు, అందులోనూ మనం ఓర్వలేని మనిషి పక్కన నిలబడి ఉండగా ఒప్పుకోవడం ఎవరూ నేర్పలేదు.

"తంతి చదవడంలో పొరపాటు జరిగింది," అన్నాను.

"ఎవురు చదివినారు?"

నేను తెప్పల వైపు చూశాను. గాలికి ఇసక మొహాన కొడుతోంది. ఎవరి బిడ్డో ఏడుస్తోంది. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు.

"నేను చదివినా," అన్నాడు ప్రకాశం గారు. "ఆఫీసులో తంతులు చదివేది నేనే కదా కాపూ. నేను చదివి చెప్తేనే ఈయన పరిగెత్తుకుంటా వచ్చినాడు. తప్పు నాది."

గుంపులో గొణుగుడు ఆగిపోయింది. నన్ను నమ్మకపోవడం వాళ్లకు కొత్త కాదు. ఆయన తప్పు చదివాడంటే నమ్మలేకపోయారు. పోలయ్య రెండోసారి అడిగాడు. ఆయన అదే మాట చెప్పాడు. భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకుని, ఊరి ముందు వంగి, "తప్పయింది," అన్నాడు. దేవుడి ముందు తప్ప ఎక్కడా తల వంచనని గొప్పగా చెప్పుకునే మనిషి. నేను పక్కనే నిటారుగా నిలబడి చూశాను.

దురాయి పడింది. వలల వెనక మగవాళ్లు, మగవాళ్ల వెనక మిగతా ఊరు కదిలింది. ఏరు దాటించే పని నాది. తాళ్లు కట్టించాను, ముసలివాళ్లను ఎత్తుకున్నాను, ఆ పని మాత్రం బాగా చేశాను. మిషన్ బడిలో తలలు లెక్కపెట్టాను. ఒక్కరూ తగ్గలేదు. గాలి వెలిసి వెనక్కి వెళ్లి చూస్తే నాలుగైదు గోడలు తప్ప మొగకుప్పం లేదు.

తిరుగు దారిలో జీపులో అడిగాను, ఎందుకలా చెప్పారని.

"మీరు చెప్తారేమో అని చూసినా," అన్నాడు. "గాలి లేస్తా ఉండింది. మీ నోరు పెగిలేదాకా ఆగే టైము లేదు హవల్దారు గారూ."

నాకు దక్కినది

అప్పటి నుంచి మొగకుప్పంలో నా మాటకు తిరుగు లేదు. తంతి తప్పైనా పరిగెత్తుకుంటూ వచ్చినవాడు, ఏరు దాటించినవాడు అని నాకు పేరొచ్చింది. హెచ్చరిక వచ్చినప్పుడల్లా పోలయ్య నన్నే అడిగేవాడు. ప్రకాశం గారు చదివితే, "మీరూ ఒకసారి చూడండి సామీ," అని తంతి నా చేతిలో పెట్టించేవాడు. ప్రకాశం గారు పక్కకు జరిగి కూర్చునేవాడు. నేను కళ్లజోడు సర్దుకుని, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చదివేవాణ్ణి. తాసిల్దారు గారు కూడా, "హవల్దారు ఏమంటాడు?" అనడం మొదలుపెట్టారు.

కోరుకున్నదంతా దక్కింది. కడుపుమంట తగ్గుతుందనుకున్నాను, ఎక్కువైంది. ఇదివరకు ఆయనకున్న పేరు చూసి ఏడ్చేవాణ్ణి. ఆ తర్వాత ఆయన ఆ పేరును పాత చొక్కా ఇచ్చేసినట్టు ఇచ్చేసి, మళ్లీ సైకిలు మీద పాటలు పాడుకుంటూ ఎలా పోగలుగుతున్నాడని ఏడ్చాను. ఆయన ఒక్కసారైనా దెప్పితే బాగుండుననుకున్నాను. పన్నెండేళ్లు పక్క బల్ల మీదే పనిచేశాడు, ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు.

ఆయన రిటైరయ్యాడు, తర్వాత నేను. మొగకుప్పం నుంచి ఎండుచేపలు ఇప్పటికీ బస్సులో నాకు వస్తాయి. వండించుకుని తింటాను.

ఆయన పోయినప్పుడు సూళ్లూరుపేటలో సమాధి దగ్గరికి వెళ్లాను. మొగకుప్పం మొత్తం నడిచి రావాల్సిన చావు అది. నలుగురు వచ్చారు. పోలయ్య అప్పటికి లేడు. అతని కొడుకే ఇప్పుడు కాపు. ఆ అబ్బాయి నా పక్కన నిలబడి, నన్ను ఓదార్చాలనుకున్నాడో ఏమో, మెల్లగా అన్నాడు.

"మంచాయనే సామీ. ఆ ఒక్క తప్పు చెయ్యకుండా ఉండింటే."

తలూపాను.

అందుకని ఈ కాగితాలు అచ్చవగానే మొదటి ప్రతి ఆ అబ్బాయికి పంపుతున్నాను. అబ్బాయీ, దీన్ని ఊరి ముందు గట్టిగా చదివించు. పోయినేటి తంతి అని మీ నాయన అడిగిన ఆ తంతిలో, గాలి దారి ఇంకా తేలలేదు, సాయంత్రం దాకా ఆగండి అని ఉంది. ప్రకాశం గారు సరిగ్గానే చదివారు. నేనూ సరిగ్గానే చదివాను. ఆయన కంటే ముందు మీ అరుగు మీద కూర్చోవాలని అబద్ధం చెప్పాను. ఊరిని ఎప్పుడు కూడబెడతారో కబురు చెయ్యి. మోకాళ్లు సరిగ్గా లేవు, ఇసకలో నడవడం కష్టం. అయినా వస్తాను.